గీత దాటిన ఆయిలు

పాత పెట్రోలు ట్రాక్టర్లు ఎందుకు పోయాయని ఎవరినైనా అడగండి, ఒకటే కథ చెబుతారు. డీజిల్ చవక. డీజిల్ ఇంజనుకి బలం ఎక్కువ. పెట్రోలంటే నిప్పుతో చెలగాటం. కాబట్టి రైతు తెలివిగా డీజిలుకి మారిపోయాడు, పాతవి పాకల వెనక తుప్పుపట్టిపోయాయి. నేను ఉద్యోగం మానుకున్న రోజు మా వర్క్‌షాపులో పెట్టిన చిన్న సభలో ఒకాయన మైకు పట్టుకుని ఇదే వల్లించాడు. సన్మానం చేయించుకుంటున్న మనిషి మధ్యలో లేచి వాదించకూడదట. నేను లేచాను. శాలువా సరిచేసుకుంటూనే వాదించాను.

ధర సంగతి చూద్దాం. మా వైపు తిరిగిన ఆ పాత బళ్ళు పెట్రోలు తాగి బతకలేదు. పెట్రోలుతో లేచేవి, ఒళ్ళు వేడెక్కాక కిరసనాయిలు మీద పనిచేసేవి. రెండు టాంకులు, వాటి మధ్య కుళాయిలు, అంతే. చేతిలో కిరసనాయిలున్న రైతుకి డీజిల్ చవక అని చెబితే నవ్వేవాడు. ఇక బలం. ఇరవై గుర్రాల బలం ఏ నూనె తాగినా ఇరవై గుర్రాల బలమే. డీజిల్ గొప్పతనం ఎక్కడంటే, నిదానంగా తిరుగుతున్నప్పుడు కూడా పట్టు వదలదు. గట్టినేలలో నాగలి దిగినప్పుడు అది కావాలి, కాదనను. కానీ లోపలి ఒత్తిడికి తట్టుకోవాలంటే ఆ ఇంజనుని లావుగా పోతపొయ్యాలి. వంశధార పక్కన లోతు మడుల్లో దమ్ముకి దిగినప్పుడు, అంటే నీళ్ళు పెట్టిన మడిని ఉడుపులకి ముందు బురదగా కలియదున్నేటప్పుడు, ఆ ఇనుమే బండిని ఇరుసు దాకా ముంచేస్తుంది. తేలికైన పాత బండి బాతులా తేలిపోయేది. నిప్పు సంగతంటారా, నేను కళ్ళారా చూసిన రెండు మంటలూ డీజిల్ ట్రాక్టర్లవే. రెండింటికీ కారణం వైరింగు.

మరి ఎవరు చంపారు వాటిని? అందరి సంగతీ నాకు తెలియదు. ఒకదాని సంగతి మాత్రం బాగా తెలుసు. డీజిల్ ఒక్కటే చదువుకొచ్చి, ఇంజన్లన్నీ తెలుసనుకున్న సర్వీసు ఇంజనీరు చంపింది. ఆ ఇంజనీరుని నేనే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. నాకు ఏ యేడు ఏ హోదా వచ్చిందో ఇందులో లేదు. అది మీకు ఎందుకూ పనికిరాదు.

వర్క్‌షాపు నేల

విజయనగరంలో ఒక ట్రాక్టర్ల డీలరు దగ్గర చేరాను. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివినదాన్ని, సర్టిఫికెట్లు చూసి తీసుకున్నారు. మొదటిరోజు మేనేజరు గారు నన్ను స్పేర్ పార్టుల కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళి కుర్చీ చూపించారు.

"ఫ్యాను కిందే వేయించానమ్మా."

"నేను ఫ్యాను రిపేరుకి రాలేదండి, ఇంజన్ల పనికి వచ్చాను," అన్నాను.

ఆయన నవ్వారు. "సరే, షెడ్డులో చెయ్యి. నీ చేతిలో ఒక్క ఇంజను పాడయిందా, ఈ కుర్చీ ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంటుంది."

దుర్మార్గుడని అనుకోకండి. డీజిల్ గురించి నాకొచ్చిందంతా ఆయన పెట్టిన భిక్షే. నూనె గొట్టంలో గాలి చేరితే ఏ నట్టు ఎంత సడలించాలో, పొగ రంగు చూసి లోపల ఏం జరుగుతోందో ఎలా చెప్పాలో, ఓపికగా చూపించారు. ఆడదానికి రాదని ఆయన అనలేదు. వస్తుందని నమ్మనూ లేదు. మీకు ఇలాంటి పైవాళ్ళే ఎక్కువ తగులుతారు. వాళ్ళ దగ్గర పని నేర్చుకోండి, భయం నేర్చుకోకండి. నేను రెండూ నేర్చుకున్నాను. ఆ కుర్చీ నా కళ్ళముందు నుంచి ఏనాడూ కదల్లేదు.

ఇంకొకటి. విప్పిన ప్రతి సామానూ మేము కిరసనాయిలుతోనే కడిగేవాళ్ళం. చేతులూ చీర కుచ్చిళ్ళూ అన్నీ అదే వాసన. ఇంటికెళ్తే మా అమ్మ, "ముందు ఆ లాంతరు వాసన కడుక్కుని రావే," అనేది. నాకు మాత్రం కొన్నాళ్ళకి ఆ వాసన తెలియడమే మానేసింది. ముక్కు చచ్చిపోయిందని అప్పట్లో గొప్పగా చెప్పుకునేదాన్ని.

బూడిదరంగు బండి

ఖరీఫ్ ముందు ఊరూరా ఉచిత సర్వీసు క్యాంపు పెట్టేవాళ్ళం. ఆ యేడు శ్రీముఖలింగం దగ్గర ఒక ఊళ్ళో పెట్టాం. మా కంపెనీ ఎర్రబళ్ళు వరసగా నిలబడితే, చివర్న ఒక బూడిదరంగు ముసలి బండి వచ్చి ఆగింది. దాని మోత వేరు. డీజిల్ దగ్గుతుంది, ఇది గొణుగుతుంది. వంటింట్లో ఎవరో తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. అలాంటిది మళ్ళీ వినాలని ఎన్నిసార్లు చెవి రిక్కించానో.

దాని మీద కూర్చున్నాయన యోహాను. అప్పటికే అరవై ఏళ్ళుంటాయి. బాప్టిస్టు మిషను వాళ్ళ పొలంలో డ్రైవరుగా కుదిరి, ఆ సేద్యం ఎత్తేసినప్పుడు బండిని తనే తీసుకున్నాడు. ఊరంతా ఆయన్ని మావ అనేది. నేను "ఏమయ్యా" అన్నాను. తర్వాత నేనూ మావ అనే అన్నాను గానీ, మొదటి మాట మొదటి మాటే కదా.

"ఏమయ్యా, దీన్నెందుకు తెచ్చావు? ఇది మా కంపెనీది కాదు."

"తెలుసు తల్లీ. దీనికి సొంత డాక్టర్లు లేరు, అందరూ సచ్చిపోనారు. నువ్వు కొత్తగా వచ్చినావని సూపిద్దారని తెచ్చినాను. ఫ్యాను బెల్టు ఒకటి మార్సి పంపీ."

బెల్టు మార్చాను. ఇక బండి ఆపుతాడనుకుంటే ఆపడే. కిరసనాయిలు కుళాయి కట్టేశాడు, పెట్రోలు కుళాయి విప్పాడు, సీటు మీద నిటారుగా కూర్చుని గొంతెత్తి కీర్తన అందుకున్నాడు. నాలుగు చరణాలు. ఇంజను గొణుగుతూనే ఉంది. ఆమెన్ అన్నాక అప్పుడు ఆపాడు.

పక్కనున్న రైతు ఒకాయన నవ్వాడు. "మావా, బండికి బాప్తీస్మం ఎప్పుడిప్పించినావు?"

"నీకన్నా ముందేరా. వారం వారం అది గుడికి వస్తాది, నువ్వే రావు."

ఆయనకి జలుబు చేస్తే కూతురు మరియమ్మ వచ్చి పాడేదట. బండి ఆగాలంటే ఎవరో ఒకరు పాడాల్సిందే. రేడియేటరుకి అడ్డంగా ఒక గోనెసంచి కూడా వేలాడుతూ ఉండేది. దాని మీద సిలువ గుర్తు లేదు గానీ, అదీ భక్తే అనుకున్నాను.

నేను చెప్పిన రెండు మాటలు

వానలు పడ్డాయి. దమ్ము పనులు మొదలయ్యాయి. మా డీజిల్ బళ్ళు దిగబడిపోయే మడుల్లోకి యోహాను మావని పిలిచేవారు. ఆ నెలన్నర పనే ఆయన ఇంటికి ఏడాది తిండి. ఒకరోజు దిగబడిన మా ఎర్రబండి ఒకటి చూడ్డానికి వెళ్ళి, గట్టు మీద ఆయన పాడుతుంటే విన్నాను. జల్లు పడుతోంది, నాకు ఆకలేస్తోంది.

"మావా, నిలబెట్టి పెట్రోలు ఎందుకు తగలేస్తావు? పని అయిపోగానే ఆపెయ్. దేవుడికి ఇంజను మోత లేకుండా కూడా పాట వినబడుతుంది. ఆ గోనె కూడా తీసెయ్, రేడియేటరుకి గాలి ఆడొద్దూ? ఇంజను ఉడికిపోతుంది."

ఆయన నా వంక చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. "నువ్వు సదువుకున్నదానివి. అలగే తల్లీ."

డీజిల్ బండికి నేను చెప్పిన ప్రతి అక్షరం సరైనదే. అక్కడే ఉంది తంటా. తప్పు ఇంజనుకి చెప్పిన సరైన మాట అది.

ఆ రెండు వారాల్లో ఏం జరిగిందో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి మీకు చెబుతాను. కిరసనాయిలు వేడి మీదే ఆవిరవుతుంది. బండిని దాని మీదే ఆపేస్తే, పొద్దున్న చల్లటి ఇంజనులోకి కార్బురేటరు గిన్నెలోంచి పెట్రోలు బదులు కిరసనాయిలు వెళుతుంది. అది మండదు. సిలిండరు గోడల వెంట జారి, రింగులు దాటి, కిందనున్న ఆయిల్లో కలుస్తుంది. గోనెసంచి ఇంజనుని వేడిగా ఉంచడానికి. వానలో, నీళ్ళ మడిలో అది తీసేస్తే బండి రోజంతా చల్లగానే తిరిగి, రోజంతా కిరసనాయిలుని కిందికి కారుస్తుంది. నాలుగు చరణాలు దేవుడి కోసం కాదు. గొట్టంలోనూ గిన్నెలోనూ ఉన్న కిరసనాయిలు మండిపోయి పెట్రోలు వచ్చి నిండడానికి పట్టే సమయం అది.

రెండు వారాలకి మళ్ళీ వెళ్ళాను. పొద్దున్నే లేవడం లేదన్నాడు. ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్ లాగి చూశాను. ఆయిలు గీత దాటి వేలెడు పైనుంది.

నీళ్ళు కలిశాయేమోనని వేళ్ళ మధ్య రుద్ది చూశాను. తెల్లబడలేదు. వాసన చూశాను. నా చేతి వాసనే వచ్చింది, ఎప్పుడూ వచ్చేదే.

"ఇంత ఆయిలు ఎందుకు పోశావు మావా?"

"నాను పొయ్యలేదు తల్లీ."

"మరి? నీ ఇంజను ఆయిలు కంటోందా?"

గట్టు మీదున్న అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. నేను పానా తీసుకుని కింద ప్లగ్గు విప్పి, గీత దగ్గరికి వచ్చేవరకూ ఆయిలు కార్చేశాను. బిగించి చేతులు తుడుచుకుని వచ్చేశాను. మొత్తం పారబోసి కొత్తది పోసుంటే ఆ బండి బతికేది. కార్చినదాంట్లో సగం ఆయిలే. మిగిలినదాంట్లో సగం కిరసనాయిలే, ఇనుముని రాపిడి నుంచి కాచే జిడ్డు దానికి లేదు.

షెడ్డులో

మూడోరోజు మధ్యాహ్నం మడి మధ్యలో కనెక్టింగ్ రాడ్డు తెగి, ఇంజను గోడ బద్దలుకొట్టుకుని బయటికొచ్చింది. రెండు జతల ఎద్దులు కట్టి బండిని ఒడ్డుకి లాగారట. లారీ మీద ఎక్కించి మా షెడ్డుకి తెచ్చారు. విప్పే పని నాకే అప్పజెప్పారు.

ఆయిలు తీశాను. గంజి తేటలా జారింది. ఒక కాగితం ముక్క అందులో ముంచి బయటికి పట్టుకెళ్ళి అగ్గిపుల్ల గీశాను. భగ్గుమంది. ఒంటరిగా షెడ్డు గోడవతల నిలబడి, కాగితం వేళ్ళదాకా కాలేవరకూ చూస్తూ ఉండిపోయాను. పాట ఏమిటో, గోనె ఏమిటో, కన్న ఆయిలేమిటో అన్నీ ఒక్కసారే తెలిశాయి.

మేనేజరు గారు వచ్చారు. యోహాను మావ తలపాగా చేతిలో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. మేనేజరు గారి కన్ను చిన్నది కాదు. ప్లగ్గు తిప్పి చూశారు.

"మొన్నమొన్న విప్పినట్టుంది. మన పానా గాట్లే ఇవి. ఎవరు తీశారు ఆయిలు?"

ఆ ప్రశ్న నన్నే అడిగారు. నా వైపు చూసే అడిగారు. మా తప్పయితే ఇంజను బాగుచేసి ఇవ్వడం షాపు పని, ఆ కుర్చీ నా పని. నోరు తెరిచాను. తెరిచాననే గుర్తు. మాట మాత్రం నాది కాదు.

"నానే బాబూ," అన్నాడు యోహాను మావ. "అమ్మగోరి దగ్గర పానా అడిగి తీసుకున్నాను. ఎక్కువయినాదని నానే దించీసినాను."

"నీకెందుకయ్యా ఈ డాక్టరుపనులు? ఇక మాకు సంబంధం లేదు. తీసుకుపో."

"అలగే బాబూ."

నేను పక్కనే ఉన్నాను. అందరితో వాదిస్తానని పేరున్నదాన్ని, రోడ్డు మీద పోయే కండక్టరుతో కూడా చిల్లర కోసం కాకుండా న్యాయం కోసం కొట్లాడేదాన్ని, ఆ నిమిషంలో నట్లు లెక్కపెడుతూ తల వంచుకున్నాను. సర్వీసు ఇంజనీరుగా ఆ తర్వాత నేను చేసిన ప్రతి మంచిపనీ ఆ మౌనం మీద నిలబడి చేసిందే. మీరు నన్ను మెచ్చుకోబోయే ముందు ఇది తెలియాలి.

సాలూరు

వచ్చిన ఆదివారం, తెగిన రాడ్డుని గోనెలో చుట్టి సాలూరు బస్సెక్కాను. లారీల ఊరు కదా, అక్కడ చెయ్యలేని ఇనపపని ఉండదని పేరు. ఒక లేత్ మేస్త్రి రాడ్డుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది సేసీగలం అమ్మా, దీనికేటి. బ్లాకు ఎలగుంది?"

ఇంజను గోడకి పడిన కన్నం ఎంతుందో చేత్తో చూపించాను.

"నీళ్ళదారి కూడా పగిలిపోనాదేటి?"

"పగిలింది."

"అయితే అతుకేసినా నాలుగురోజులే. ఈ బ్లాకు ఎక్కడ దొరుకుతాది ఇప్పుడు? ఒగ్గీమ్మా. ఏదైనా డీజిల్ బండి కొనుక్కోమను."

ఈ కబురు చెప్పడానికి యోహాను మావ ఇంటికి వెళ్ళాను. నిజం చెప్పడానికి వెళ్ళాననే అనుకున్నాను. మరియమ్మ చాప వేసింది. మావ బెల్లం టీ పెట్టించాడు. మేస్త్రి మాట చెప్పాను. మిగతాది చెప్పలేదు.

"ఆదివారం పూట నా కోసం అంత దూరం ఎల్లినావా? టీ సల్లారిపోతన్నాది, తాగు తల్లీ," అన్నాడు.

ఆ తర్వాత ఆయన కూలికి వేరేవాళ్ళ డీజిల్ బళ్ళు నడిపాడు. ఒకసారి రోడ్డు పక్కన చూశాను, ఎర్రబండి మీద. ఆపే పిడి లాగాడు, టక్కున ఆగింది. దిగడానికి చాలాసేపు పట్టింది ఆయనకి. చెయ్యి ఊపాడు. నేను బస్సులో ఉన్నాను. దిగలేదు. దిగాల్సిన స్టాపు కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

పిల్లలూ, ఇప్పటి బళ్ళకి కంప్యూటరు తగిలిస్తే జబ్బు అదే చెబుతుంది. మంచిదే. అది చెప్పేది మాత్రం అది చదువుకున్న ఇంజను గురించే. డిప్‌స్టిక్ మీద ఆయిలు తగ్గితే కంగారుపడతారు, పెరిగితే ఇంకా ఎక్కువ కంగారుపడండి. బండివాడు మీకు అర్థంకాని పని ఏదైనా చేస్తుంటే మాన్పించే ముందు ఎందుకని ఒక్కసారి అడగండి. వాడు "అలగే" అన్నాడని ఒప్పుకున్నట్టు కాదు. మీ చదువుకి గౌరవమిచ్చి వాడి జ్ఞానాన్ని మింగేశాడేమో చూసుకోండి.

మరియమ్మ చెప్పింది

ఉద్యోగం మానుకున్న నెలకి శ్రీముఖలింగం వైపు వెళ్ళాను. యోహాను మావ పోయి చాలా ఏళ్ళయింది. నాకు ఆ కబురు కూడా నెలల తర్వాతే తెలిసింది. మరియమ్మ బడిలో టీచరు, జుట్టు నెరిసింది. ఈసారి దాచలేదు. ఆయిలు దించింది నేనే అని చెప్పేశాను.

ఆమె ఏడుస్తుందనో తిడుతుందనో సిద్ధపడ్డాను. ఆమె మామిడికాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తూ తలెత్తకుండానే అంది.

"మాకు తెలుసు కదమ్మా. నానూ గట్టు మీదే ఉన్నాను ఆ రోజు."

"మరి పాట? అది ఎందుకో మీ నాన్నకి తెలుసా?"

"ఎందుకు తెలీదు? మిషను పొలంలో మేస్త్రి నేర్పినాడు. వాళ్ళ దగ్గర గడియారముండేది, నాన్నకి లేదు, పాట ఉన్నాది. మీరు మానీమన్నాక పొద్దున్నే లేచి గిన్నె విప్పి కిరసనాయిలు ఒంపుకుని పెట్రోలు పోసుకునేవోడు. రెండు వారాలూ అలగే సేసినాడు. అయినా గొట్టంలోది ఉండిపోయేది, బండి సరిగ్గా లేసేది కాదు. వేళ్ళు పుళ్ళు పడిపోనాయి. మీకు సెప్పమంటే, పోనీలే, కొత్తపిల్ల, నలుగుర్లో ఏటి సెప్తాం అనేవోడు."

నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. కాసేపటికి ఆమె కూడా వచ్చి పక్కన నిలబడింది, ఉప్పు చేతులతోనే.

"ఆయిలు మాట కూడా తెలుసా? పెరగడం కిరసనాయిలు వల్లనని?"

"అది నాకు తెలీదమ్మా. నాన్నకి తెలుసో లేదో నాకు తెలీదు. అది మీరే అడగాల్సింది."

అడగాల్సింది. ఆయన పోయేలోగా ఎన్నో ఏళ్ళు సమయం ఉంది నాకు. షెడ్డులో, ఆయన ఇంట్లో చాప మీద, బస్సు కిటికీలోంచి, మూడుసార్లు ఎదురుపడి కూడా అడగలేదు. తెలియక నన్ను కాచాడా? అప్పుడది నాలాంటి కొత్తపిల్ల మీద జాలి, నేను మొయ్యగలను. అన్నీ తెలిసే, నేను ప్లగ్గు విప్పుతుంటే చూస్తూ నిలబడి, తన బండి ఇక ఎన్నాళ్ళుంటుందో లోలోపల లెక్కగట్టుకుని, నలుగురి ముందు నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక నోరు మూసుకున్నాడా? ఏడాది తిండి కన్నా నా పరువు ఎక్కువని ఆయనకి ఎవరు చెప్పారు?